ఒక పక్క గోగునార, ఒక పక్క నైలాను

నా చిన్నప్పుడు మా తాతయ్యకు తెరచాప పడవ ఉండేదంటే ఈ నర్సీపట్నంలో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడంలో తప్పు లేదులే. ఇక్కడ మేడెక్కి ఏ వైపు చూసినా కొండలే కనిపిస్తాయి. ఈ నాయనమ్మ మాటకి నువ్వు కూడా నిన్న నవ్వావు. ఆ ఫోనులో టైపు చేస్తానంటున్నావు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో నేను పక్కదారి పడితే పట్టించుకోకుండా అది కూడా కొట్టు, తర్వాత చూసుకుందాం.

మా నాన్నగారి ఉద్యోగం ఇక్కడే. వేసవి సెలవులు రాగానే మా అమ్మ నన్ను తీసుకుని బస్సెక్కేది. కోటవురట్ల దాటి, ఎస్. రాయవరం దాటి, ఇంక రోడ్డు లేదు అనిపించే చోట దిగి నడిస్తే మా అమ్మమ్మగారి ఊరు. ఊరికి ఒక పక్క జీడితోటలు, ఇంకో పక్క ఉప్పుటేరు. సముద్రం కనిపించేది కాదు గానీ రాత్రిళ్ళు పడుకుంటే వినిపించేది. మా తాతయ్య వ్యవసాయదారుడే. వరి పండించేవాడు, జీడితోట ఉండేది, ఎర్రనేల చెక్కలో గోగు వేసేవాడు. పడవ ఆయన తండ్రి చేయించింది. జీడిపిక్కల బస్తాలూ, కొబ్బరికాయలూ, సరుగుడు కట్టెలూ వేసుకుని ఏటి వెంబడి పోయి అమ్ముకు రావడానికి అదే బండి ఆయనకు. చిన్న పడవే. మధ్యలో ఒక అడ్డపట్టె, దానికి కన్నం, ఆ కన్నంలో దిగేసిన పొడుగాటి కొయ్య, కొయ్యకు తెరచాప.

ఆ కొయ్య దానంతటది నిలబడదు. నేను చాలా రోజులు నిలబడుతుందనే అనుకున్నాను. కన్నంలో దిగేశారు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. దాన్ని నిలబెట్టేవి తాళ్ళు. కొయ్య తల దగ్గర కట్టి, కిందికి లాగి, పడవ అంచులకు అటూ ఇటూ బిగిస్తారు. మా ఇంట్లో వాటిని పక్కతాళ్ళు అనేవారు. గాలి ఎడమ నుంచి కొడితే ఎడమ తాళ్ళు పట్టుకుంటాయి, కుడి నుంచి కొడితే కుడివి పట్టుకుంటాయి. తెరచాపను ఎత్తే తాడు వేరే ఉంటుంది. అది కప్పీ మీద నడుస్తుంది. దాని పని అందరికీ కనిపిస్తుంది. పక్కతాళ్ళ పని ఎవరికీ కనిపించదు. అవి ఊరికే బిగుసుకుని ఉంటాయి, అంతే.

ఆ ఏడు మేం వెళ్ళేసరికి తాతయ్య పక్కతాళ్ళు మార్చే పనిలో ఉన్నాడు. పైకి చూస్తే తాళ్ళు బాగానే ఉన్నాయి. నేను అదే అన్నాను. ఆయన నా చేతిలో తాడు పెట్టి, పేటలను వెనక్కి మెలితిప్పి విప్పమన్నాడు. విప్పితే లోపల నార లేదు. పొడి రాలింది, ముక్కుపొడిలా గోధుమరంగు పొడి. ఎండా ఉప్పూ పైపేటను ముదరబెడతాయట గానీ, తడి లోపల చేరి తినేస్తుందట. తాడును కంటితో కాదు, విప్పి చూడాలన్నాడు. ఆ పాఠం మంచిదే, కానీ నేను చెప్పబోయేది అది కాదు.

మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. అమ్మమ్మకు ఒక అప్ప, తోడబుట్టిన అక్క. ఏటికి ఆ చివర, పాయకరావుపేట వైపు ఊళ్ళో ఆవిడను ఇచ్చారు. పడవ మీద పోతే పొద్దున్న బయల్దేరి భోజనాల వేళకు చేరొచ్చు. రోడ్డున పోవాలంటే చుట్టూ తిరిగి, బస్సులు మారి, చివర ఎండలో నడవాలి. అయినా అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ రోడ్డునే వెళ్ళింది. పడవలో ఎప్పుడూ సరుకే. ఒకసారి బస్తాలు, ఒకసారి కట్టెలు, ఒకసారి అద్దెకు అడిగినవాళ్ళు. ఆ పెద్దమ్మమ్మ నోరు కొంచెం గడుసుది. ఏ పెళ్ళిలో కలిసినా అదే దెప్పుడు. "ఏటే, మీ ఆయన పడవ కొబ్బరికాయల్ని మోస్తాది గాని పెళ్ళాన్ని మొయ్యదేటి? నాను గట్టు మీద సూసి సూసి ముసిలిదాన్నైపోతన్నాను" అనేది. అందరూ నవ్వేవారు. అమ్మమ్మ కూడా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం ఒక పూట మాట్లాడేది కాదు.

ఆ వేసవికి తాతయ్య మాట ఇచ్చేశాడు. కొత్త తాళ్ళు కట్టగానే మొదటి ప్రయాణం అప్పగారి ఊరికే అన్నాడు. బస్తా ఒక్కటి కూడా వెయ్యనన్నాడు. అమ్మమ్మ ఆ మాట పట్టుకుని చలికాలమంతా గోగునార పేనింది. మా వైపు గోగును చెరువులో నానబెట్టి, నార తీసి, ఉతికి ఆరేస్తే తెల్లగా పట్టులా ఉంటుంది. ఆ నార పాయలు తీసి, ఒకరు కొస పట్టుకుంటే ఇంకొకరు మెలి వేస్తూ వెనక్కి నడవాలి. పక్కింటి అక్కను కొస పట్టుకోమని తను వెనక్కి నడిచేదట. అలా పేనిన తాడు చుట్ట చావట్లో మేకుకు వేలాడుతోంది మేం వెళ్ళేసరికి. రెండు పక్కలకూ సరిపడా ఉంది. ఆవిడ దాన్ని చూపించిన తీరు నాకు ఇంకా గుర్తుంది. తాడు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అప్పగారింటికి ఏ చీర కట్టుకోవాలా అని మా అమ్మను అడిగింది.

అప్పుడే చిన్నతాతయ్య దిగాడు. తాతయ్యకు తమ్ముడు. విశాఖపట్నం ఓడరేవులో పని. సెలవు పెట్టి వచ్చినప్పుడల్లా ఏదో ఒక వింత వస్తువు తెచ్చేవాడు. ఆ సారి నైలాను తాడు తెచ్చాడు. నీలం రంగు, నున్నగా మెరుస్తూ, ముట్టుకుంటే పాములా చల్లగా ఉంది. అప్పటికి మా ఊళ్ళో అటువంటి తాడు ఎవరూ చూడలేదు. వీధిలో వాళ్ళంతా వచ్చి లాగి చూసి వెళ్ళారు. ఆయన కూడా అన్నయ్య పడవకని రెండు పక్కలకూ సరిపడానే తెచ్చాడు. నార తాడు పక్కన అదే మేకుకు తగిలించి, "ఒదినా, దీన్ని సూడు. ఎండకి సివకదు, వానకి కుళ్ళదు. నీకింక నార పేనే పనే నేదు" అన్నాడు.

అమ్మమ్మ ఆ నీలం తాడును వేళ్ళతో తడిమి, "బాగుంది మరిదీ. నా సేతులకి సెలవిచ్చీసావన్నమాట" అంది. అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందులో కోపం ఉందో, వేళాకోళం ఉందో, ఏమీ లేదో నాకు తెలీలేదు. తాతయ్యకూ తెలిసినట్టు లేదు. ఆయన చాలాసేపు చావట్లో కూర్చుని ఆ మేకు వైపే చూస్తూ ఉండిపోయాడు. మా తాతయ్య అటువంటి మనిషి. ఎవరినీ నొప్పించేవాడు కాదు. ఇద్దరు చుట్టాలు ఒకేరోజు భోజనానికి పిలిస్తే రెండిళ్ళలోనూ తిని, రాత్రంతా పొట్ట పట్టుకుని మూలిగేవాడు. పొలం గట్టు తగువుల్లో మధ్యవర్తిగా కూర్చోబెడితే చెరో జానెడు ఇచ్చి, రెండువైపుల వాళ్ళూ గొణుక్కుంటూ పోయేటట్టు చేసేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని ధర్మాత్ముడనేవారు. అమ్మమ్మ మాత్రం, ఆయనకి 'వద్దు' అనే మాట నేర్పకుండానే పెంచారు అనేది.

మర్నాడు పొద్దున్న పడవ దగ్గరకు నన్ను కూడా తీసుకెళ్ళారు. పక్కతాళ్ళు మార్చడానికి ఒక పద్ధతుంది. అన్నీ ఒకేసారి విప్పేస్తే కొయ్య నెత్తిన పడుతుంది. పాతది విప్పకముందే దాని పక్కన కొత్తది కట్టి బిగించాలి. కొత్తది బరువు పట్టుకున్నాక, అప్పుడు పాతదాన్ని విప్పాలి. అలా ఒక్కొక్కటే. చిన్నతాతయ్య కొయ్య మీదికి కోతిలా ఎగబాకి పైన ముడులు వేస్తుంటే, తాతయ్య కింద అంచు దగ్గర కాలు తన్నిపెట్టి లాగి బిగించాడు. ఎడమ పక్క అంతా నీలం తాడు కట్టారు. అది పూర్తయ్యాక తాతయ్య నన్ను ఇంటికి పంపి అమ్మమ్మ తాడు తెమ్మన్నాడు. కుడి పక్క అంతా గోగునార కట్టాడు.

చిన్నతాతయ్య పైనుంచి ఏదో అనబోయి, అన్నయ్య ముఖం చూసి ఊరుకున్నాడు. అమ్మమ్మ సాయంత్రం వచ్చి చూసింది. ఆవిడ కూడా ఏమీ అనలేదు. ఎడమ పక్క నీలం, కుడి పక్క తెలుపు. నా కళ్ళకు మాత్రం ఆ పడవ పెళ్ళికి ముస్తాబైనట్టు కనిపించింది. తాతయ్య ముఖం కూడా తేలికపడింది. ఇద్దరి మాటా నిలిపాననుకున్నాడు. మిగిలిన సగం నార, మిగిలిన సగం నైలాను చావట్లో ఆ మేకుకే పక్కపక్కన వేలాడాయి.

బయల్దేరే రోజు అమ్మమ్మ తెల్లారకుండా లేచి పాకుండలు వండింది. అప్పకు బెల్లం ఎక్కువ వెయ్యాలట. రేకు డబ్బా నిండా పోసి, మూత పెట్టి, దాని చుట్టూ తువ్వాలు కట్టింది. చివరికి పసుపుపచ్చ నేతచీరే కట్టుకుంది. పడవలోకి దిగేటప్పుడు చిన్నతాతయ్య చెయ్యి అందిస్తే పట్టుకోకుండా, తనే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి దిగింది. పడవ మధ్యలో, కొయ్యకు కొంచెం ముందు, డబ్బా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ పక్కన. తాతయ్య చుక్కాని దగ్గర, చిన్నతాతయ్య చాప ఎత్తే తాడు దగ్గర. చాప గాలి పోసుకున్నప్పుడు పడవ ఒక్కసారి ముందుకు కదిలింది చూడు, అమ్మమ్మ నోట్లోంచి చిన్న నవ్వు వచ్చింది. చిన్నపిల్ల నవ్వు. ఆవిడ అలా నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

ఏరు వెడల్పయ్యే మలుపు దాటాక మబ్బు పట్టింది. వేసవి వాన ఎలా వస్తుందో నీకు తెలుసు కదా. ముందు గాలి, ఆ తర్వాత చింతగింజలంత చినుకులు. ఏం కాదులే, చిన్న వానే అన్నారు అన్నదమ్ములిద్దరూ. అది నిజంగానే చిన్న వాన. కాసేపటికి తాతయ్య కొయ్య వైపు చూడడం మొదలుపెట్టాడు. నేనూ చూశాను. కుడి పక్క నార తాడు వీణ తీగలా బిగిసిపోయి ఉంది. ఎడమ పక్క నీలం తాడు వదులై, గాలికి టపటపమని కొడుతోంది. చిన్నతాతయ్య వెళ్ళి దాన్ని లాగి బిగించాడు. కాసేపు నిలిచింది, మళ్ళీ సాగింది. నారేమో తడిసేకొద్దీ ఇంకా బిగుస్తోంది. కొయ్య కుడికి వంగుతోంది. నార తాడు కొంచెం వదులు చెయ్యమని తాతయ్య చెప్పాడు. తడిసిన ముడి రాయిలా అయిపోయి విడలేదు. చాప దించేలోపు ఒక పెద్ద గాలి వచ్చింది. అడ్డపట్టె దగ్గర కొయ్య ఎండు చెరకుగడలా పెళ్ళుమంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొయ్య కుడి పక్క నీళ్ళలోకి ఒరిగిపోయింది. నార తాడు దాన్ని వదలకుండా పట్టుకునే ఉంది. చిన్నతాతయ్య కత్తితో తాడు కోసి, చాపను పైకి లాగాడు. తర్వాత గెడలు వేసుకుంటూ, వానలోనే వచ్చినదారిన వెనక్కి వచ్చాం. గట్టు దగ్గరికొస్తుండగా చిన్నతాతయ్య, నార తాడు అంత బిగిస్తే ఏ కొయ్య నిలుస్తుంది ఒదినా అన్నాడు. అమ్మమ్మ, నీ నీలం తాడు జీళ్ళపాకంలా సాగితే నార ఏం చేస్తుంది మరిదీ అంది. కోపంగా కాదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి ఇద్దరూ అన్నారు. తాతయ్య వాళ్ళిద్దరి మధ్యా గెడ వేస్తూ తల వంచుకునే ఉన్నాడు.

మర్నాడు ఆయన నన్ను దొడ్లోకి పిలిచాడు. నీళ్ళ తొట్టి పక్కన రెండు తాడు ముక్కలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి నార, ఒకటి నీలం. నార ముక్కను రెండు గూటాల మధ్య వదులుగా కట్టి నీళ్ళు పోశాడు. నులక మంచం వదులైతే మనం నీళ్ళు చల్లుతాం కదా, అలాగే చూస్తుండగానే అది బిగుసుకుంది. నీలం ముక్క ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని లాగాడు. అది సాగింది. వదిలితే మళ్ళీ ముడుచుకుంది. నాకు ఆటలా ఉంది, నవ్వాను. ఆయన నవ్వలేదు.

"రెండూ మంచి తాళ్ళేనే" అన్నాడు. "రెండు పక్కలా నార కట్టుంటే రెండూ కలిసి బిగుసును. రెండు పక్కలా నీలందే కట్టుంటే రెండూ కలిసి సాగును. కొయ్య నిలబడును. సెరో పక్క కట్టీసాను నాను. ఇద్దరికీ సెరో సగం ఇచ్చీసి, కొయ్యకి మాత్రం ఏటీ మిగల్చనేదు."

ఆయన అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ నాతో అంత పెద్ద మాట మాట్లాడలేదు. ఇంకా ఏదో చెబుతాడని చూశాను. తొట్టిలో చేతులు కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు.

ఆ కొయ్య మళ్ళీ నిలబడలేదమ్మా. అంత పొడుగున, అంత తిన్నగా ఉన్న మాను దొరకాలి. దొరుకుతుందని ఒక ఏడు అన్నారు, వచ్చే ఏడు అన్నారు. ఈలోగా ఊరికి రోడ్డు పడింది, బస్తాలు బండెక్కాయి. పడవను గెడలతో కొన్నాళ్ళు నడిపి, తర్వాత జీడితోటలో బోర్లించేశారు. మేం పిల్లలం దాని మీదెక్కి జారుడుబండ ఆడేవాళ్ళం. అమ్మమ్మ ఆ వేసవిలోనే బస్సు మీద అప్పగారి ఊరు వెళ్ళింది, నేనూ వెళ్ళాను. ఎండలో నడిచి చేరేసరికి పెద్దమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి, "పడవేదే?" అంది. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆవిడే మా ముఖాలు చూసి, కాళ్ళకు నీళ్ళు తెచ్చి, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ దెప్పడం మానేసినందుకే అమ్మమ్మ ఎక్కువ బాధపడిందని మా అమ్మ అనేది.

చావట్లో మేకుకు ఆ రెండు సగాలూ చాలా ఏళ్ళు అలాగే వేలాడాయి. ఆ నీలం సగం తెచ్చి కుడి పక్క కట్టుంటే సరిపోయేది. ఆ నార సగం తెచ్చి ఎడమ పక్క కట్టుంటే సరిపోయేది. చాలినంత ఇంట్లోనే ఉంది. తాతయ్య ఆ మేకు వైపు చూడకుండా చావడి దాటడం నేర్చుకున్నాడు. ఆయన పోయాక ఆ చుట్టలు ఎవరు తీశారో నాకు తెలీదు.

ఇంకొక్క మాట ఉంది, అది కూడా రాయి. నాకు పెళ్ళయి, మీ నాన్న పుట్టాక, అమ్మమ్మ ఈ ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉంది. అప్పటికి తాతయ్యా లేడు, పెద్దమ్మమ్మా లేదు. ఒక మధ్యాహ్నం ఇద్దరం పెరట్లో చింతపండు గింజ తీస్తూ కూర్చున్నాం. అప్పుడు అడిగాను, చలికాలమంతా పేనిన తాడు కట్టకుండా మొత్తం నీలం తాడే కట్టేసి ఉంటే నీకు కష్టం వేసేదా అమ్మమ్మా అని. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"నాకేటే కష్టం? తాడు పేనింది తాడు కోసమేటి? మా అప్ప దగ్గరికి ఎల్లడానికి. నీలందే కట్టీమందును. మీ సిన్నతాతైనా నారే కట్టీ అన్నయ్యా అనీవోడు, ఆడికి పడవెక్కితే సాలు." గింజలు చేటలో వేసి, ఇంకొక ముద్ద అందుకుని అంది. "మమ్మల్ని అడగనేదు మీ తాత."

వాళ్ళు నొచ్చుకుంటారని తాతయ్యే అనుకున్నాడు. ఆయన పోయేదాకా, ఇద్దరిలో ఎవరినో ఒకరిని బాధపెట్టక తప్పేది కాదనే అనుకుంటూ బతికాడు. అది నిజం కాదని ఆయనకు చెప్పే మనిషి లేకపోయాడు. అమ్మమ్మకు తెలుసు, చిన్నతాతయ్యకు తెలుసు. వాళ్ళనీ ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నాకు తెలిసేసరికి చెప్పడానికి ఆయన లేడు.

అందుకే ఈ ఇంట్లో ఇద్దరి మధ్య ఏదైనా పంచాల్సి వచ్చినప్పుడు చెరో సగం అనే మాట నా నోట బేగి రాదు. నీకేం కావాలమ్మా, నీకేం కావాలి నాయనా అని ముందు అడుగుతాను. మీ నాన్న, మీ అత్త నన్ను చాదస్తం అంటారు. అననీ. అడగబోయి మొహమాటపడి ఆగిపోయినప్పుడల్లా ఆ రోజు వానలో గెడలు వేసుకుంటూ గట్టుకు చేరాక అమ్మమ్మ పడవ దిగడం కళ్ళముందు కనిపిస్తుంది. పసుపుపచ్చ చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. ఆ డబ్బాను కొంగు కింద పెట్టుకుని, దాని మీదికి వంగి, దారంతా అలాగే కూర్చుని వచ్చింది. ఇంటికెళ్ళి మూత తీసి పిల్లలందరికీ పంచేసింది. అప్పకని చేసిన పాకుండలు, ఒక్కటీ తడవలేదు.